పాత ఔట్‌బోర్డ్ మోటారు టైమింగ్‌కి బజర్ మల్టీమీటర్: కొన్ని సీజన్లు వాడాక

ఈ మీటరు వోల్టేజీ ఎంత కచ్చితంగా చూపిస్తుందో, డిస్‌ప్లే ఎంత పెద్దదో ఇక్కడ రాయను. అవి ఏ మీటరుకైనా ఉండేవే. నేను దీన్ని వాడేది దాదాపు ఒకే పనికి. 1960ల నాటి ఆరు హార్స్‌పవర్ పడవ మోటారులో పాయింట్లు (విడిపోగానే స్పార్క్ పుట్టించే రెండు చిన్న లోహపు మొనలు) సరిగ్గా ఎక్కడ విడిపోతున్నాయో చెవితో పట్టుకోవడానికి. తీగ కలిసి ఉన్నంతసేపూ మోగే ఆ బజర్ ఒక్కదాని కోసమే దీన్ని నెత్తిన పెట్టుకున్నాను.

మేముండేది మిన్నెసోటాలో. మే నెలలో వాల్‌ఐ చేపల సీజన్ తెరిచే రోజుకి పడవ, మోటారు సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఇంట్లో మొహం మాడుతుంది. ఆ కాలం జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు రెండూ ఒకే కంపెనీవి కాబట్టి, పైన ఏ పేరున్నా ఫ్లైవీల్ కింద సరంజామా ఒకటే: రెండు కాయిల్స్, రెండు కండెన్సర్లు, రెండు జతల పాయింట్లు, మధ్యలో క్రాంక్ షాఫ్ట్ మీద ఒక క్యామ్, అంటే తిరుగుతూ పాయింట్లని నెట్టి విడదీసే ఉబ్బు. రాజ్‌దూత్ నడిపినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

ఈ మోటార్లకి పుస్తకంలో ఉండే లెక్క, క్యామ్ ఎత్తు మీద ఉన్నప్పుడు పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు. చాలామంది ఫీలర్ గేజ్ (మందం తెలిసిన సన్నటి రేకు) పెట్టి అది చూసి వదిలేస్తారు. పాయింట్లు కొత్తవైతే ఫరవాలేదు. కాస్త వాడాక ఒకదాని మీద గుంట, రెండోదాని మీద బొడిపె వస్తుంది. గేజ్ రేకు ఆ బొడిపె మీదే ఆగుతుంది కాబట్టి అది 20 (అంటే 0.020) అని చెప్పినా అసలు గ్యాప్ అంతకంటే ఎక్కువే ఉంటుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే విడిపోయి స్పార్క్ తొందరపడుతుంది, తగ్గితే ఆలస్యమవుతుంది. ఇంజనుకి కావాల్సింది ఆ విడిపోయే క్షణం. బజర్ చెప్పేది అదే.

మీటరుతో వచ్చిన కాగితంలో లేని ముక్క ఒకటుంది. పాయింట్ల స్క్రూ దగ్గర కాయిల్ వైరు విప్పకుండా మీటరు పెడితే బజర్ అసలు ఆగదు. కాయిల్ ప్రైమరీ చుట్టు నిరోధం ఒక ఓమ్ అటూ ఇటూ ఉంటుంది. పాయింట్లు విడిపోయినా కరెంటు ఆ చుట్టు గుండా మోటారు బాడీకి పోతూనే ఉంటుంది, మీటరు దాన్ని కూడా కలిసినట్టే లెక్కేస్తుంది. పాయింట్లు షార్ట్ అయ్యాయనుకుని కొత్తవి కొనేవాళ్ళు కూడా ఉంటారు. కాయిల్, కండెన్సర్ వైర్లు రెండూ విప్పి, ఒక ప్రోబ్ పాయింటుకి, ఇంకోటి ప్లేటుకి పెట్టి, స్పార్క్ ప్లగ్గులు తీసేసి షాఫ్ట్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పాలి. బీప్ ఆగిన చోటే స్పార్క్. రెండో సిలిండరుకి సరిగ్గా అర చుట్టు తర్వాత ఆగాలి.

పోయిన వేసవిలో ఇది చూపించిన విషయం కోసమే ఈ సమీక్ష రాయాలనిపించింది. మోటారు మొదటి లాగుడుకే స్టార్టయ్యేది, చేపల కోసం మెల్లగా పోతున్నంతసేపూ బుద్ధిగానే ఉండేది. ఫుల్ థ్రాటిల్ ఇస్తే మాత్రం మిస్సింగ్. ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ కడిగాను. గేజ్ పెడితే రెండు పాయింట్లూ 20. పడవలో నాతో వచ్చే కుర్రాడు "అన్నా, దీన్ని పక్కన పడేసి ఫోర్‌స్ట్రోక్ కొనెయ్" అని మొదలుపెట్టాడు.

ఫ్లైవీల్ పుల్లర్‌తో తీసి, షాఫ్ట్ పై నట్టుకి పానా తగిలించి తిప్పుతూ విన్నాను. మొదటి సిలిండరు దగ్గర బీప్ కోసినట్టు ఆగింది. రెండో దాని దగ్గర ఆగినట్టే ఆగి, "బీ... బీ" అంటూ తెగీ తెగకుండా మోగింది. అట్టముక్క స్పిరిట్‌లో ముంచి పాయింట్ల మధ్య లాగాను, అదే పాట. పానా మీంచి చెయ్యి తీస్తే బీప్ ఆగింది, మళ్ళీ పట్టుకుని లాగితే మోగింది. షాఫ్ట్ తిరక్కుండానే! అనుమానం వచ్చి పానా తీసేసి, షాఫ్ట్ కొసని బొటనవేలితో ఒక పక్కకి నొక్కాను. మోగింది. అటు నుంచి ఇటు నొక్కాను. ఆగిపోయింది.

పై బేరింగ్ అరిగి షాఫ్ట్ వెంట్రుకవాసి కదులుతోంది. కంటికి కనపడదు. కానీ మొత్తం గ్యాపే అర మిల్లీమీటరు, పైగా రెండు పాయింట్లూ క్యామ్‌కి చెరో పక్కన ఉంటాయి. షాఫ్ట్ ఒకవైపు జరిగితే ఒక గ్యాప్ పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది, అంటే ఒక సిలిండరు తొందర, ఇంకోటి ఆలస్యం. గేజ్ రేకు చూసేది షాఫ్ట్ అప్పుడు ఎక్కడ ఆగి ఉంటే అక్కడి గ్యాపే, అందుకే హాయిగా 20 చూపిస్తోంది. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ మోటారు అరిగిందని ఎవర్నేం అంటాం? షాఫ్ట్‌ని రెండు పక్కలకీ నొక్కి, బీప్ ఆగే రెండు చోట్లకీ మధ్యలో పాయింట్లు బిగించాను. మిస్సింగ్ చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. బేరింగ్ మార్చాలంటే ఇంజను మొత్తం విప్పాలి, అది ఇంకా చెయ్యలేదు.

మొదట్లో కనపడ్డవాళ్ళందరికీ "బజర్ ఉంటే చాలు" అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పాయింట్ల మీద నూనె పొర ఉండి పది ఓమ్‌లు చూపిస్తున్నా ఇది హుషారుగా మోగుతుంది, ఆ పది ఓమ్‌లతో మాగ్నెటో (బ్యాటరీ లేకుండా స్పార్క్ పుట్టించే ఈ ఫ్లైవీల్ కింది సరంజామా) స్పార్క్ ఇవ్వదు. అందుకని చెవితో పాటు అంకె మీద కూడా కన్నుండాలి. పగిలిన కాయిల్‌నీ, నీరసించిన కండెన్సర్‌నీ ఇది పట్టుకోలేదు. చలికి గరాజ్‌లో బజర్ కాస్త బద్ధకిస్తుంది కూడా, షాఫ్ట్ గబుక్కున తిప్పితే బీప్ ఆగేసరికి గుర్తు దాటిపోతుంది.

నాకు ఏప్రిల్‌లో బయట ఇంకా మంచు ఉంటుంది, చేతిలో తీరిక ఉంటుంది, కాబట్టి ఇది నాకు సరిపోయింది. మీ మోటారులో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే ఈ పనికి దీంతో అవసరమే లేదు. వేటే జీవనమైన వాళ్ళకి ఇంతసేపు కూర్చుని వినే తీరిక ఉంటుందనుకోను. పాయింట్ల మోటారు ఉండి కొనాలనుకుంటే మాత్రం షాపులోనే రెండు ప్రోబులూ టకటకా తగిలించి విడదీసి చూడండి. చేతితో పాటే బీప్ ఆగకపోతే పక్కనున్న మీటరు అడగండి.