మేనేజర్ ఉంటారా, వెళ్తారా: అభిమానులు నడిపే ఒక పాడ్‌కాస్ట్‌పై సమీక్ష

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు ముగ్గురు కలిసి వారం వారం నడిపే ఒక పాడ్‌కాస్ట్‌కు చందా కట్టి, 2024 మే నుంచి నవంబరు వరకు వచ్చిన భాగాలన్నింటినీ వరుసగా విన్న తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ ఏడు నెలలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎరిక్ టెన్ హాగ్ ఆ జట్టు మేనేజర్‌గా (అంటే ప్రధాన శిక్షకుడిగా) కొనసాగుతారా లేదా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ అభిమానులందరూ తిరిగిన కాలం అది. దాని జవాబు ఇప్పుడు మనకు తెలుసు కనుక, అప్పట్లో ఎవరి మాటలో ఎంత పస ఉందో తూచి చూడవచ్చు.

కార్యక్రమం సుమారు గంటసేపు సాగుతుంది. మ్యాచ్ గురించి మాట్లాడేది కొద్దిసేపే, మిగిలినదంతా మేనేజర్ భవితవ్యం మీదనే. వ్యాఖ్యాతల్లో పెద్దాయన, చాలాకాలం మేనేజర్‌గా ఉన్న అలెక్స్ ఫెర్గుసన్ తొలి రోజుల నుంచి ఈ జట్టును చూస్తున్నవారు. రెండవవారికి ఒప్పందాలు, జమాఖర్చులు చదవడం అలవాటు. మూడవవాడు కుర్రవాడు, ఓడిన రాత్రి ఒక మాట, గెలిచిన రాత్రి మరొక మాట అనేవాడు. ఈ ముగ్గురి కలయికే కార్యక్రమానికి ప్రధాన బలం, ఎందుకంటే ఏ ఫుట్‌బాల్ చర్చలోనైనా ఉండే మూడు గొంతులూ (జ్ఞాపకం, లెక్క, ఆవేశం) ఇక్కడ ఒకదాన్నొకటి అణచివేయకుండా వినిపిస్తాయి.

నేను విన్నవాటిలో ఉత్తమమైనది జూన్‌లో వచ్చిన భాగం. మే 25న, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో యునైటెడ్ 2-1తో మాంచెస్టర్ సిటీని ఓడించింది, అదే సీజన్‌లో అక్కడి అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో మాత్రం 8వ స్థానంతో సరిపెట్టుకుంది. కప్పు గెలిచినవారిని ఎలా పంపిస్తారని కుర్రవాడు నిలదీస్తే, పెద్దాయన 1990 నాటి సంగతి చెప్పారు. ఆ ఏడాది ఫెర్గుసన్ జట్టు లీగ్‌లో 13వ స్థానంలో నిలిచింది, కానీ ఎఫ్.ఏ. కప్ గెలిచింది, ఆయన 2013 వరకు ఉన్నారు. అప్పుడు లెక్కలాయన 2016ను ముందుకు తెచ్చారు. అప్పటి మేనేజర్ లూయీ వాన్ గాల్ 5వ స్థానంతో పాటు అదే కప్పును మే 21న అందుకున్నారు, మే 23న ఉద్వాసన కూడా అందుకున్నారు. మూడు కప్పుల్లో లీగ్‌లో అందరికంటే మెరుగైన స్థానం సాధించిన మనిషే తక్షణం ఇంటికి వెళ్ళారన్న ఈ పోలిక వినగానే నేను కాసేపు ఆపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి విన్నాను.

అయితే ఆ పోలిక నుంచి తీయవలసిన అసలు పాఠాన్ని వారు తీయలేదు. చెల్సీ క్లబ్ నుంచి 2015 డిసెంబరులో బయటికి వచ్చిన మేనేజర్ జోసె మౌరీన్యో 2016 మేలో ఏ క్లబ్‌తోనూ లేరు. వాన్ గాల్ వెళ్ళిన కొద్ది రోజులకే ఆయన నియామకం జరిగింది. 2024 వేసవిలో అలా సిద్ధంగా కుదిరినవారు ఎవరూ లేరు, మరో మేనేజర్ థామస్ టుచెల్‌తో క్లబ్ మాట్లాడిందన్న సంగతిని టెన్ హాగ్ స్వయంగా బయటపెట్టారు కూడా. మేనేజర్ ఉంటారా అన్న ప్రశ్నకు జవాబు ఆయన యోగ్యతలో సగమే ఉంటుంది, మిగతా సగం ఆ కుర్చీలో కూర్చోవడానికి ఆ వారంలో ఎవరు దొరుకుతారన్న దానిలో ఉంటుంది. ఏడు నెలల్లో ఈ కార్యక్రమం టెన్ హాగ్ అర్హుడా కాదా అన్నదాన్ని పదే పదే తిరగేసిందే తప్ప, ఈ రెండవ సగాన్ని పట్టించుకోలేదు.

జులైలో ఆయన ఒప్పందాన్ని 2026 జూన్ వరకు పొడిగించినప్పుడు లెక్కలాయన ఇచ్చిన వివరణ మాత్రం మెచ్చుకోదగినది. ఒక్క ఏడాది గడువు మిగిలిన మేనేజర్ మాటను డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ లెక్కచేయరు కనుక, పొడిగింపు అన్నది నమ్మకానికి ముద్ర కాదు, ప్రస్తుతానికి తలనొప్పి లేకుండా చూసుకోవడం మాత్రమేనని ఆయన తేల్చారు. అక్టోబరు 28న, వెస్ట్ హామ్ చేతిలో ఓడిన మరునాడే, జట్టు 14వ స్థానంలో ఉండగా టెన్ హాగ్‌ను తొలగించారు. ఆయనను, ఆయన సిబ్బందిని పంపడానికి 1.04 కోట్ల పౌండ్లు ఖర్చయినట్లు తరువాత క్లబ్ లెక్కల్లో తేలింది. పొడిగించిన నాలుగు నెలలకే పంపడానికి అంత మొత్తం చెల్లించవలసి వచ్చిందంటే, జులైలో ఆ మాట అన్నందుకు ఆ వ్యాఖ్యాతకు అభినందనలు చెప్పాలి.

సెప్టెంబరు భాగాలు దాటవేయవచ్చు. ఉన్నవారు వెళ్ళకముందే వచ్చేవారి జట్టు కూర్పు మీద మూడు వారాలు వాదించుకోవడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్లుంది. పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌లో మేనేజర్‌గా ఉన్న రూబెన్ అమోరిమ్ పేరు ఒకటి రెండుసార్లు వచ్చినా, ఆయన ఒప్పందంలో కోటి యూరోలు చెల్లిస్తే విడిపించుకోగల నిబంధన ఉన్నదని ఎవరూ ప్రస్తావించలేదు. చివరికి యునైటెడ్ ఆ కోటికి తోడు, ముందస్తు నోటీసు గడువును మాఫీ చేయించుకోవడానికి మరో 10 లక్షల యూరోలు ఇచ్చి ఆయనను తెచ్చుకుంది. లెక్కల మనిషి పక్కనే కూర్చుని ఉండగా ఆ నిబంధన చర్చకు రాకపోవడం నాకు వింతగా తోచింది. టెన్ హాగ్ వెళ్ళి అమోరిమ్ వచ్చేలోగా నాలుగు మ్యాచ్‌లకు బాధ్యత తీసుకున్న రూడ్ వాన్ నిస్టెల్‌రూయ్ మూడు గెలిచి ఒకటి డ్రా చేసుకోగానే, ఆయన్నే ఉంచేయాలని కుర్రవాడు పట్టుబట్టిన భాగం మాత్రం సరదాగా ఉంటుంది.

సాంకేతికంగా పెద్ద లోపాలు లేవు. పెద్దాయన గొంతు మిగతావారికంటే కాస్త తక్కువగా వినిపిస్తుంది, చందా కట్టినవారికి కూడా మధ్యలో ప్రకటనలు వస్తాయి.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. మేలో జరిగిన ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌కు ముందురోజు, ఫలితం ఏదైనా టెన్ హాగ్‌ను తొలగిస్తారని ఒక ప్రముఖ పత్రిక రాసింది. దాన్ని నమ్మి ఈ ముగ్గురూ అదే రాత్రి ఒక వీడ్కోలు భాగం విడుదల చేశారు. ఆయన రెండు సీజన్లకే వెళ్ళిపోతున్నారని బాధపడ్డారు, 2023 లీగ్ కప్‌ను గుర్తుచేసుకున్నారు, తరువాతివారికి సలహాలు కూడా ఇచ్చారు. జూన్‌లో క్లబ్ ఆయనను కొనసాగిస్తున్నదని తెలిసిన తరువాత, ఆ భాగం ఏ ప్రకటనా లేకుండా జాబితా నుంచి మాయమైంది. పత్రిక వార్త తప్పిపోవడంలో వీరి తప్పేమీ లేదు. తప్పిన జోస్యాన్ని గుట్టుగా చెరిపేయడంలోనే తప్పుంది, ఎందుకంటే వీరి అంచనాలు ఎంతవరకు నమ్మవచ్చో శ్రోత నిర్ణయించుకోవడానికి ఉన్న ఒకే ఒక ఆధారం పాత భాగాలే.

నా చందాను నేను కొనసాగిస్తున్నాను, జూన్, జులై భాగాలను వినమని మిత్రులకు కూడా చెప్పాను. ఆ వీడ్కోలు భాగాన్ని తిరిగి జాబితాలో పెట్టమని వారికి రెండుసార్లు రాశాను. ఇంతవరకు జవాబు లేదు.