కొత్త స్విఫ్ట్: సీసీ అదే, హార్స్‌పవర్ ఎందుకు తగ్గింది?

2024 మే నెలలో వచ్చిన కొత్త స్విఫ్ట్ ఇంజను కూడా పాతదానిలాగే 1197 సీసీ. అయినా 90 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) ఉండే శక్తి 82కు దిగిందని తెలిసి, మా ఇంట్లో 2021 నాటి స్విఫ్ట్ నడుపుతున్న నేను మొదట నిరుత్సాహపడ్డాను. మా బావగారు కొత్తది కొన్నాక రెండు కార్లనూ శ్రీశైలం దారిలో నడిపి చూశాను.

హార్స్‌పవర్ సీసీ ఒక్కదానితో తేలేది కాదు. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు క్రాంక్‌షాఫ్టు. దాన్ని తిప్పే బలాన్ని, అంటే టార్కును, అది నిమిషానికి తిరిగే చుట్లతో, అంటే ఆర్పీఎంతో, గుణిస్తే వచ్చేదే హార్స్‌పవర్. టార్కును న్యూటన్ మీటర్లలో తీసుకుంటే ఆ లబ్ధాన్ని 7023తో భాగించాలి. గరిష్ఠ టార్కు 113 నుంచి సుమారు 112కు మాత్రమే తగ్గింది కాబట్టి, తేడా అంతా పై ఆర్పీఎంలలోనే ఉందన్నమాట.

పాత ఇంజనులో నాలుగు సిలిండర్లు, పిస్టన్ ఒక్కొక్కసారి కదిలే దూరం 71.5 మి.మీ.; కొత్తదానిలో మూడే సిలిండర్లు, ఆ దూరం 92.8 మి.మీ. సిలిండర్ వ్యాసం 73 నుంచి 74కు మాత్రమే పెరిగింది, పైగా ఒక సిలిండర్ తగ్గింది కనుక గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే వాల్వులకు దొరికే చోటు మొత్తం మీద తక్కువ. వేగం పెరిగేకొద్దీ గాలి పీల్చుకోవడం కష్టమవుతుంది, పొడవైన దారిలో పరుగెత్తే పిస్టన్ మీద ఒత్తిడీ పెరుగుతుంది. అందుకే పాతది 6000 ఆర్పీఎం వద్ద అందుకునే గరిష్ఠ శక్తిని కొత్తది 5700 వద్దే అందుకుంటుంది. టర్బో ఉంటే గాలిని బలవంతంగా నింపి ఈ లోటు పూడ్చవచ్చు. ఇందులో అది లేదు.

శ్రీశైలం ఆనకట్ట దాటి సున్నిపెంట వైపు ఎక్కే మలుపుల్లో, నలుగురం కూర్చుని ఏసీ వేసుకుని, ఆర్పీఎం ముల్లు 2,500 దగ్గర ఉండగా మూడో గేరులోనే కొత్త కారు నిబ్బరంగా ఎక్కింది. పాత కారుకు అదే మలుపులో నేను రెండో గేరు వేస్తాను. తిరుగు ప్రయాణంలో మైదానం మీద లారీని దాటేటప్పుడు మాత్రం 5,000 పైన పాత ఇంజనులో ఉండే హుషారు నాకు కొత్తదానిలో కనిపించలేదు.

మాన్యువల్ గేర్లతో కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 22.38 నుంచి 24.80 కిలోమీటర్లకు పెరిగింది. రోజూ ఊళ్లో తిరిగేవారికి నేను కొత్తదే చెబుతాను; హైవే మీద ఇంజనును గట్టిగా పరుగెత్తించడం ఇష్టమైనవారు మాత్రం టెస్ట్ డ్రైవులో నలుగురిని ఎక్కించుకుని, ఒక లారీని దాటి చూశాకే అడ్వాన్సు ఇవ్వాలి.