సంతకం పెట్టేముందు ఒక్కసారి అక్కడ చూపించండి: ఉచిత న్యాయసహాయం, మా అనుభవం

తాతయ్య పోయాక పొలం మామయ్య పేరుకి మార్చడానికి ఒక దస్తావేజు రైటర్ దగ్గరికెళ్తే ఆయన అప్పటికే డ్రాఫ్ట్ రెడీ చేసేసి, పాస్‌బుక్కు కోసం ఫార్మాలిటీ అంతేనమ్మా, సంతకం పెట్టండి అని అమ్మకి పెన్నిచ్చాడు. నేను తీసుకుని చదివితే "పెళ్ళిలో పసుపు కుంకుమల కింద నాకు ముట్టవలసినది ముట్టినందున నా హక్కు వదులుకొనుచున్నాను" అని ఉంది. ఇదేంటండీ అంటే మీ అమ్మగారి పెళ్ళి 1984లో అయింది కదా, 1985 సెప్టెంబర్ 5కి ముందు పెళ్ళయిన ఆడపిల్లలకి వాటా లేదు అని కొట్టిపారేశాడు.

అమ్మని బతిమాలి జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తీసుకెళ్ళా. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది, చాలామందికి తెలీదు. మాకిచ్చిన లాయర్ మేడం డ్రాఫ్టంతా వేలు పెట్టి లైన్ లైన్ చదివి, ఆ 1985 రూలు మన రాష్ట్ర సవరణదమ్మా, 2005 సెప్టెంబర్ 9న కేంద్ర సవరణ వచ్చాక పెళ్ళెప్పుడయినా కూతురికి కొడుకుతో సమానంగా వస్తుంది అన్నారు. తండ్రి 2005 కంటే ముందే పోయినా హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పిందంట. కాకపోతే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరయిన పంపకాలని కదపలేరు.

అదే కాగితం వెనకాల లెక్కేసి చూపించారు. 4.5 ఎకరాలూ ముత్తాత నుంచి వచ్చినవే కాబట్టి ముందు తాతయ్య, మామయ్య, అమ్మ తలా ఎకరంన్నర, తాతయ్య భాగం మళ్ళీ అమ్మమ్మకి, మామయ్యకి, అమ్మకి తలా అరెకరం. అమ్మమ్మకి కూడా వాటా ఉంటుందని మా ఇంట్లో ఎవ్వరికీ తట్టనేలేదు, ఆ పొలంలో జీవితమంతా నాట్లేసి కలుపు తీసిన మనిషికి!

అమ్మకి చట్టం కంటే పుట్టిల్లు పోతుందన్న భయమే ఎక్కువ. రెండెకరాల కోసం అన్నయ్యతో మాటలు పోతే ఎలాగే అని ఆఫీసు మెట్ల మీదే ఏడ్చింది. వాళ్ళు కేసు వేయకుండానే మామయ్యని పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడించారు, మొదటిసారి ఆయన కోపంగా లేచెళ్ళిపోయాడు, రెండోసారి అమ్మమ్మని తీసుకుని ఆయనే వచ్చాడు. ముగ్గురి పేర్లా రాసుకున్నారు, సేద్యం మామయ్యే చేస్తాడు, అమ్మకి కౌలిస్తాడు. ఆ రాజీనే లోక్ అదాలత్‌లో అవార్డుగా రాశారు. లోక్ అదాలత్ అవార్డంటే కోర్టు డిక్రీతో సమానం, మళ్ళీ అప్పీలుండదు, కాబట్టి అక్కడ కూడా పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి.

నా రేటింగ్ 5కి 5. వెళ్ళేటప్పుడు 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు), ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల కాగితం), డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకెళ్ళండి, ముందు ఫోన్లో కనుక్కోవాలంటే 15100.