ఫ్లమెంకోతో రెండేళ్లు: ఆగిన రెండర్‌ను అందుకునే మేనేజర్

విజయవాడలో మాది చిన్న యానిమేషన్ గది. అందులోని ఐదు సిస్టమ్‌లను ఒక గిగాబిట్ స్విచ్‌తో కలిపి, వాటి మీద బ్లెండర్ స్టూడియో వారి ఫ్లమెంకోను రెండేళ్లుగా నడుపుతున్నాను. త్రీడీ సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్‌లో తయారైన సీన్లను ఫ్రేముల బొమ్మలుగా మార్చే పనిని, అంటే రెండరింగ్‌ను, పలు సిస్టమ్‌లకు పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇది. ఇది ఉచితమన్నదీ, ఎలా అమర్చుకోవాలన్నదీ అందరికీ తెలిసినవే. నాకు దీని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఒక్కటే. ఏదైనా సిస్టమ్ మధ్యలో ఆగిపోతే దాని చేతిలోని టాస్క్‌ను, అంటే దానికిచ్చిన పని ముక్కను, పని పంచే మేనేజర్ ప్రోగ్రామ్ మళ్లీ వరుసలో చేర్చి మరో సిస్టమ్‌కు అప్పగిస్తుంది.

నిరుటి వర్షాకాలంలో ఒక చీరల దుకాణం ప్రకటన కోసం పది సెకన్ల షాట్, అంటే 240 ఫ్రేములు, మర్నాడు ఉదయం పదింటికల్లా ఇవ్వవలసి వచ్చింది. ఫ్రేముకు ఏడు నిమిషాలు పడుతున్నందున ఒక్క సిస్టమ్ మీదైతే 28 గంటల పని అది. పది ఫ్రేములకు ఒక టాస్క్ చొప్పున విడగొట్టి, రాత్రి పదింటికి మొత్తం పనిని ఒక జాబ్‌గా పంపి ఇంటికి వెళ్లాను. అర్ధరాత్రి దాటాక గాలివానకు ఒక ఫేజ్ పోయి ముందు గదిలోని రెండు సిస్టమ్‌లు ఆగిపోయాయి. మేనేజర్, స్విచ్, మిగిలిన మూడు సిస్టమ్‌లు ఉన్న లోపలి గది వేరే ఫేజ్ మీద ఉండటం వల్ల అక్కడ పని సాగింది. తెల్లవారుజామున ఆరింటికి గుండె దడదడలాడుతుండగా తలుపు తీసి బ్రౌజర్‌లో చూస్తే, ఆ ఇద్దరు వర్కర్లు, అంటే ఆగిన రెండు సిస్టమ్‌లు, టైమ్ అవుట్ అయినట్టు (గడువులోగా స్పందించనట్టు) కనిపించారు, వాళ్ల టాస్క్‌లను మిగతా ముగ్గురూ పంచుకున్నారు, రెండే టాస్క్‌లు మిగిలి ఉన్నాయి. ఫ్రేములను చేత్తో పంచి, పెన్‌డ్రైవ్‌లో మోసి, ఏ నంబర్లు తప్పిపోయాయో వెతుక్కున్న రోజులు గడిపినవాణ్ని కనుక ఆ ఉదయం నాకు కళ్లు చెమర్చాయి.

అయితే ఆ రెండు సిస్టమ్‌లు అప్పటికే పూర్తి చేసిన కొన్ని ఫ్రేములు కూడా మళ్లీ రెండర్ అయ్యాయి, ఎందుకంటే తిరిగి అప్పగించేది టాస్క్ మొత్తాన్ని. టాస్క్‌ను మరీ చిన్నది చేస్తే ప్రతిసారీ బ్లెండర్ తెరిచి, సీన్‌నూ టెక్స్‌చర్లనూ నెట్‌వర్క్ మీదుగా లోడ్ చేసుకోవలసి వస్తుంది. ఇప్పుడు మా సీన్లకు టాస్క్‌కు ఐదు ఫ్రేములు సరిపోతున్నాయి.

మరో సంగతి దసరా ముందు తెలిసింది. ఒక షాట్‌లో సాంబ్రాణి పొగ లేవాలి. దాన్ని బేక్ చేసిన, అంటే పొగ కదలికను ముందే లెక్కించి దాచిన, క్యాష్ ఫోల్డర్‌ను అన్ని సిస్టమ్‌లూ చూడగల ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టడం మరచి నా సిస్టమ్ డి డ్రైవ్‌లోనే వదిలేశాను. నా సిస్టమ్ చేసిన ఫ్రేముల్లో పొగ ఉంది, తక్కిన నాలుగూ చేసిన వాటిలో ఖాళీ ధూపపాత్ర మాత్రమే ఉంది. బ్లెండర్ ఎర్రర్ ఇవ్వలేదు కాబట్టి టాస్క్‌లన్నీ పూర్తయినట్టే నమోదయ్యాయి. తప్పు పూర్తిగా నాదే. అప్పటినుంచి ప్రతి జాబ్‌కూ ముందుగా ఒక్కో సిస్టమ్ చేత ఒక్కో ఫ్రేము చేయించి, పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే మిగతావి పంపుతున్నాను.

బ్లెండర్ తప్ప మరొకటి వాడని, రాత్రంతా సిస్టమ్‌లు ఖాళీగా ఉండే మాలాంటి చిన్న చోటికైతే దీన్ని సంతోషంగా సిఫారసు చేస్తాను. మాయా, హూడినీ లాంటి ఇతర త్రీడీ సాఫ్ట్‌వేర్లు కూడా నడిచే స్టూడియోల్లో జాబ్ టైపులను, అంటే జాబ్‌ను టాస్క్‌లుగా ఎలా విడగొట్టాలో చెప్పే స్క్రిప్టులను, జావాస్క్రిప్ట్‌లో సొంతంగా రాసుకోవలసి ఉంటుంది. ఆ పని నేనింకా చేయలేదు కనుక వారికి నా అనుభవం ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పలేను.