పాతికేళ్ల పండుగకు పాత పేరిణి మేలా, కొత్త సమ్మక్క మేలా?

వచ్చే ఏడాది మా డాన్సు బృందానికి పాతికేళ్లు నిండుతాయి. హన్మకొండలో ఒక ఇంటి మేడ మీద, రేకుల షెడ్డు కింద పదకొండు మంది పిల్లలతో మొదలైంది. ఆ మొదటి బ్యాచ్ వాళ్ల పిల్లలు ఇప్పుడు గజ్జె కట్టుకుంటున్నారు. మూడు రోజుల ఉత్సవం చేద్దామని అందరం ఒప్పుకున్నాం. ఏం ఆడాలన్న దగ్గరే నెల రోజులుగా తేలడం లేదు.

సీనియర్లది ఒకటే మాట. మనకు పేరు తెచ్చింది కాకతీయుల నాటి వీర నృత్యం పేరిణి, పండుగ రోజు అదే ఆడాలి. చిన్నవాళ్ల వాదన వేరు. ఇన్నేళ్లుగా ఆడిందే మళ్లీ ఆడితే అది పండుగెలా అవుతుంది, ఒక కొత్త బ్యాలే కట్టాల్సిందే అంటారు. (మా దగ్గర నృత్యరూపకాన్ని బ్యాలే అనే అంటాం, కరపత్రం మీద కూడా అలాగే వేస్తాం.) నేను డాన్సర్‌ను కాను. పద్దెనిమిదేళ్లుగా స్టేజీ పక్కన తాళాలు పట్టుకుని కూర్చుంటున్నాను. అక్కడి నుంచి ఆడేవాళ్ల కాళ్లూ కనబడతాయి, చూసేవాళ్ల ముఖాలూ కనబడతాయి. రెండు వైపులా విన్నాక నాకు ఏది మేలనిపించిందో రాస్తున్నాను. ఇలాంటి పండుగ తలపెట్టిన ఇతర బృందాలకూ పనికొస్తుందని నమ్మకం.

ముందు పాతది ఎంత పాతదో చూద్దాం. కాకతీయ గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయపసేనాని 1254 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. అందులో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ మార్గం, అంటే భరతుడి నుంచి వచ్చిన శాస్త్ర సంప్రదాయం. తర్వాతి నాలుగూ దేశి, అంటే జనంలో ఆయన కళ్లముందు ఆడుతున్నది. పేరిణి ఉన్నది దేశి భాగంలో. మనం ఇవాళ ప్రాచీనం అని దండం పెట్టే నృత్యం ఆ సేనానికి తన కాలపు నృత్యమే.

కాకతీయుల తర్వాత అది ఆడేవాళ్లు లేకుండా పోయింది. ఆ పుస్తకాన్నీ, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని నటరాజ రామకృష్ణ గారు దాన్ని మళ్లీ కట్టారు. 1985లో శివరాత్రి నాడు ఆ రామప్ప గుడి దగ్గరే జనం ముందు ఆడించారు. పుస్తకం వయసు ఏడు వందల డెబ్బై ఏళ్లు, శిల్పం వయసు ఎనిమిది వందలు దాటింది. అడుగు వయసు మాత్రం నలభై చిల్లర. రాతిలో ఒక భంగిమ ఉంటుంది కానీ, దాని ముందు భంగిమ నుంచి ఇందులోకి కాలు ఎలా వచ్చిందో రాయి చెప్పదు. ఆ నడుమ ఖాళీలన్నీ నింపింది ఆయన ఊహ, ఆయన శ్రమ. ఇలా చెబితే మా సీనియర్లకు కొంచెం బాధ కలుగుతుంది. కానీ ఇందులో పేరిణికి వచ్చిన తక్కువతనం ఏమీ లేదు. నాకైతే ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

అసలు బ్యాలే పుట్టి పెరిగిన దేశాల్లోనూ ఇదే జరిగింది. ‘ద రైట్ ఆఫ్ స్ప్రింగ్’ 1913లో ప్యారిస్‌లో మొదటిసారి ఆడినప్పుడు హాలులో కేకలు, గోల. నిజిన్‌స్కీ కట్టిన ఆ అడుగులు కొద్ది ప్రదర్శనలకే ఆగిపోయి, తర్వాత ఎవరికీ గుర్తు లేకుండా పోయాయి. 1987లో అమెరికాలోని జాఫ్రీ బ్యాలే అనే బృందం కోసం పాత నోట్సులు, బొమ్మలు, చూసినవాళ్ల జ్ఞాపకాలు ఏరి మళ్లీ కట్టారు. ‘స్వాన్ లేక్’ సంగతీ అంతే. 1877లో మాస్కోలో మొదలైనప్పుడు దానికి పెద్ద పేరు రాలేదు. ఇవాళ ప్రపంచమంతా ఆడేదానికి మూలం 1895లో పెతిపా, ఇవానోవ్ కలిసి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మళ్లీ కట్టిన రూపం. అది చూడటానికి సంగీతం రాసిన చైకోవ్‌స్కీ లేడు, 1893 చివర్లోనే పోయాడు.

అందుకని పాతది అనగానే ముట్టుకోకూడనిది అని నేను ఒప్పుకోను. అలాగని పాతదాన్ని తేలిగ్గా పక్కన పెట్టడానికీ నా మనసు ఒప్పదు. ఎందుకో చెప్పాలంటే ఘర్ఘరం గురించి చెప్పాలి.

పేరిణిలో ఘర్ఘరం అనే భాగం గజ్జెలది. మేం ఆడేటప్పుడు అక్కడ మృదంగం ఆగిపోతుంది, నేనూ తాళం ఆపేస్తాను. పదహారు మంది వరుసగా నిలబడతారు. మొదట ఒక్కడు మడమ కదపకుండా కాలి కండరం మాత్రం బిగించి వదులుతాడు. తోలుపట్టీ మీది మువ్వల్లో ఒకటో రెండో కదులుతాయి. అది శబ్దం అని కూడా అనలేం, డబ్బాలో బియ్యం గింజ దొర్లినట్టు ఉంటుంది. పక్కవాడు అందుకుంటాడు, ఆ పక్కవాడు, చివరికి పదహారు జతల కాళ్లూ ఒకేసారి నేలను కొడతాయి. ముందు వరుసలో ఏడుస్తున్న చంటిపిల్ల ఆ మొదటి మువ్వ దగ్గర ఏడుపు ఆపడం నేను కళ్లారా చూశాను. పక్కన ఫోన్లు చూసుకునేవాళ్లు తల ఎత్తుతారు. ఇది ఏ కొత్త బ్యాలేలోనూ నేను చూడలేదు. పాతదాని బలం ఇది.

అయితే ఇక్కడో చేదు నిజం ఉంది. మా బృందం ఈ పేరిణిని పూర్తిగా ఆడి తొమ్మిదేళ్లయింది. పూర్తిగా ఆడితే యాభై నిమిషాలు. బయట స్టేజీల మీద మాకు దొరికేది పన్నెండు నిమిషాలు. ఒకసారి ఒక ఉత్సవంలో అతిథుల ప్రసంగాలు సాగీ సాగీ, మేకప్ వేసుకుని మూడు గంటలు కూర్చున్న పిల్లలకు చివరికి ఆరు నిమిషాలు ఇచ్చారు. ఘర్ఘరం తీసేశాం. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. అలా కత్తిరించీ కత్తిరించీ ఇప్పుడు కొత్త బ్యాచ్ పిల్లలకు ఆ పన్నెండు నిమిషాలే పేరిణి. పాతది కాబట్టి రిహార్సల్ అక్కర్లేదు, డ్రెస్సులు ఉన్నాయి, ట్రాక్ ఉంది, ఖర్చు తక్కువ అన్న లెక్క అందుకే తప్పు. డ్రెస్సుల మట్టుకు నిజం. మిగతాదంతా మళ్లీ నేర్పాల్సిందే. అది తెలిసిన నలుగురికీ నలభై దాటాయి, ఇద్దరికి మోకాళ్ల నొప్పులు. ఈ పాతికేళ్ల పండుగకు నేర్పకపోతే ముప్పయ్యో ఏటికి నేర్పేవాళ్లు ఉండకపోవచ్చు. పాతది ఆడాలనడానికి నాకు కనబడిన గట్టి కారణం ఇదే. జనం ఇష్టపడతారన్న కారణం దీని తర్వాతే.

ఇక కొత్తది. చిన్నవాళ్లు మొదట నాలుగైదు కథలు చెప్పారు. రుద్రమదేవి ఇప్పటికే అన్ని బృందాలూ ఆడుతున్నాయి. మిగతావాటికి ఎవరికీ మనసు పట్టలేదు. మేడారం తల్లి సమ్మక్క కథ మాత్రం మాలో ఎవరికీ తట్టింది కాదు, ఒక అవ్వ అడిగింది.

మా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయిది మేడారం దగ్గరి తాడ్వాయి వైపు. రెండేళ్ల కింద ఆ అమ్మాయి వాళ్ల అవ్వ మా ప్రదర్శనకు వచ్చింది. అయిపోయాక స్టేజీ వెనక్కి వచ్చి నా చేతులు పట్టుకుంది. “దండు యుద్ధానికి వోయేది మస్తు మంచిగ జూపెట్టిన్రు బిడ్డా. మరి గా దండు ఎవల మీదికి వోయిందో అది గూడ జూపెడ్తరా?” అంది. నాకు నోట మాట రాలేదు. పేరిణి అంటే కాకతీయ సైనికులు యుద్ధానికి కదిలే ముందు శివుణ్ని తమలోకి ఆవాహన చేసుకుని ఆడేదని ప్రతి స్టేజీ మీదా మైకులో చెప్పేది నేనే. మేడారం కథలో కప్పం కట్టలేదని కోయల మీదికి వచ్చిన దండు కూడా కాకతీయులదే. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ ఆ దండుతో పోరాడే పడిపోయారు. కొడుకు జంపన్న దూకిన సంపెంగ వాగే జంపన్న వాగయింది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి ఆ వాగులో మునిగి తల్లిని మొక్కుకునేవాళ్లమే, మిగతా రోజుల్లో ఆ దండు అడుగులు వేసి చప్పట్లు కొట్టించుకుంటున్నాం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఈ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

కొత్త బ్యాలేకు ఇంతకంటే పెద్ద కారణం నాకు అక్కర్లేదు. కానీ కష్టాలు కూడా చూడాలి. పాతదానికి దారి ఉంది, కొత్తదానికి ఉండదు. పాట రాయించాలి, బాణీ కట్టించాలి, రికార్డింగ్ చేయాలి. ఆరు నెలలకు తక్కువ కాదు. అన్నిటికంటే ముందు, ఇది దేవత కథ, ఒక జాతి తనదిగా చెప్పుకునే కథ. కోయ డోలి కొడుతూ సమ్మక్క సారలమ్మల గాథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అంటే ఈ కథ చెప్పడానికి దాని సొంత గొంతు, సొంత వాద్యం ఎప్పటి నుంచో ఉన్నాయి. వాళ్లను అడగకుండా, రంగు కాగితాల ఈకలు తలకు పెట్టి పిల్లలను అడవి మనుషులని స్టేజీ ఎక్కిస్తే అది తప్పు. అలాంటివి చూశాను, చూసిన ప్రతిసారీ మనసు కష్టపడింది. కోయ పెద్దలు ఒప్పుకుని, వాళ్ల డోలు మా మృదంగం పక్కన కూర్చుంటేనే ఈ బ్యాలే. లేకపోతే మానుకోవడమే మంచిది. ఈ మాట మీద చిన్నవాళ్లు ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు.

రెండూ ఆడాలని తేలాక ఇంకో చర్చ వచ్చింది: వేర్వేరు రోజుల్లోనా, ఒకే సాయంత్రమా? పెద్ద కంపెనీలకు ఈ ఇబ్బంది లేదు. 1948లో పుట్టిన న్యూయార్క్ సిటీ బ్యాలే 2023-24లో తన డెబ్బై అయిదేళ్ల పండుగను ఏడాది పొడవునా చేసుకుంది. మొదటి సీజన్ మొత్తం వ్యవస్థాపకుడు జార్జ్ బాలంచిన్ కట్టిన పాతవాటికి ఇచ్చి, తర్వాతి సీజన్లలో ఇతరులవి, కొత్తవి ఆడింది. చక్కటి పద్ధతే. కానీ వాళ్లకు సొంత థియేటరు, సొంత ఆర్కెస్ట్రా, ఏడాదంతా టికెట్ కొనే ప్రేక్షకులు ఉన్నారు. మాకు మూడు సాయంత్రాలు. అందులో ఒకటి పిల్లలది, దాని గురించి ఎవరికీ తగాదా లేదు.

మిగిలిన రెండు రోజులను పాతకు ఒకటి, కొత్తకు ఒకటి అని పంచితే ఏమవుతుందో నాకు తెలుసు. పేరిణి రోజు పేరిణి తెలిసినవాళ్లు వస్తారు, సమ్మక్క రోజు సమ్మక్క భక్తులు వస్తారు. తాడ్వాయి నుంచి వచ్చే అవ్వ వరుసగా రెండు రోజులు రాలేదు. ములుగు, నర్సంపేట వైపు వెళ్లేవాళ్లకు ఆఖరి బస్సు అందాలి. అన్నిటికీ మించి, ఆ అవ్వకు ప్రశ్న పుట్టింది పేరిణి చూశాకనే కదా. పక్కపక్కన పెట్టకపోతే ఆ ప్రశ్న మిగతావాళ్లకు ఎలా పుడుతుంది? అందుకే నా ఓటు రెండు సాయంత్రాలూ ఒకే వరుసకు: ఒక్క జతి కూడా తగ్గించకుండా యాభై నిమిషాల పేరిణి, పావుగంట విరామం, తర్వాత ముప్పావుగంట సమ్మక్క. ప్రసంగాలు ముందే, పది నిమిషాలు. సన్మానాలు పిల్లల రోజుకు మార్చేద్దాం.

కొత్తది ముందు పెడితే జనం అలసిపోక ముందే చూస్తారని ఒకరన్నారు. మంచి సలహానే, ఒక రోజంతా ఆలోచించాను. కానీ సైనికుణ్ని ప్రేక్షకుడు మొదట ఇష్టపడాలి. ఆ నడక, ఆ ధీమా చూసి ఒళ్లు గగుర్పొడవాలి. విరామం తర్వాత ఆ పదహారు మందే, ఆ డ్రెస్సులోనే, ఆ అడుగులతోనే మేడారం మీదికి రావాలి. అప్పుడు కూర్చున్నవాళ్లకు ఏమనిపిస్తుందో, వాళ్ల ముఖాలు ఎలా మారతాయో నేను పక్కనుంచి చూడాలి. కొత్తదానికి కొత్త డ్రెస్సులు కుట్టిద్దామన్న మాట అక్కడితో ఆగిపోయింది.

హాలు విషయం తొందరగానే తేలింది. రామప్ప దగ్గర ఆడాలన్న కోరిక అందరికీ ఉంది కానీ ఆరుబయట మువ్వ వినబడదు. 2024లో హన్మకొండలో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం దొరికితే అక్కడే. పెద్ద స్టేజీ, పదహారు మంది ఒకే వరుసలో చేతులు చాపి నిలబడగలరు.

కథ ముగింపు కోసం మేమిద్దరం ముగ్గురం కలిసి ఆ అవ్వ ఇంటికి వెళ్లాం. చాయ్ ఇచ్చి, అంతా విని, ఒకే షరతు పెట్టింది. “సమ్మక్క సచ్చినట్టు ఆడొద్దు బిడ్డా. తల్లి గుట్ట మీదికి వోయింది, మల్ల కనబడలే. కుంకుమ బరిణె దొరికింది, అంతే.”

దాంతో చివరి సన్నివేశం మారిపోయింది. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లిపోతుంటే దండు ఇంకా నేలను కొడుతూనే ఉంటుంది. ఘర్ఘరాన్ని తిరగేసి వాడుతున్నాం. పాతదాంట్లో ఒక మువ్వతో మొదలై పదహారు జతల కాళ్లకు పెరుగుతుంది. ఇక్కడ పదహారు జతల కాళ్ల నుంచి ఒక్కొక్కరే ఆగుతూ ఒక మువ్వ దాకా తగ్గాలి, ఆ మువ్వ దగ్గర బరిణె మీద వెలుగు పడాలి. మొన్న ఆదివారం రేకుల షెడ్డులో ప్రయత్నించాం. సగం దాకా బాగానే వచ్చింది, తర్వాత ఇద్దరు ఒకేసారి ఆగిపోయారు. పెరగడం కంటే తగ్గడం చాలా కష్టం. ఆ చివరి మువ్వ హాలు వెనక వరుసకు వినబడుతుందో లేదో కూడా తెలియాలి. హాలు ఒక పూట దొరకగానే అవ్వను ఆ చివరి వరుసలో కూర్చోబెట్టి అడుగుతాం. పత్తి ఏరుడు అయిపోయినాక వస్తానంది.