మెటోప్రొలాల్ మాత్ర: ఉబ్బసం ఉన్న ఒక గుండె రోగి సమీక్ష

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డు లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఉబ్బసం చిన్నతనం నుంచి ఉన్నదే; నలభై దాటాక గుండె దడ, రక్తపోటు కూడా వచ్చి చేరాయి. ఈ జబ్బులన్నీ ఒకే ఒంట్లో ఉన్నప్పుడు మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు (అడ్రినలిన్ హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునేవి) ఎలా పనిచేస్తాయో ఏళ్ళ తరబడి వాడి చూసినవాడిగా రాస్తున్నాను.

మొదట ఒంగోలులో ఒక వైద్యుడు దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్ రాశారు. ఉబ్బసం ఉందా అని ఆయన అడగలేదు. దడ తగ్గిన మాట నిజమే కానీ, కొద్ది రోజులకే రాత్రిళ్ళు పిల్లికూతలు మొదలయ్యాయి. రెండు పీల్పులకు దారికొచ్చే ఆయాసం సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఎంత వాడినా లొంగలేదు. యార్డులోని రాతి దుమ్మే కారణమని ఇంట్లో అందరూ తీర్మానించారు. ఊపిరితిత్తుల వైద్యురాలు మాత్రం దుమ్ము సంగతి వినకముందే పాత మందుల చీటీ చూపించమన్నారు.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. ఒంట్లో అడ్రినలిన్ సంకేతాన్ని అందుకునే చోట్లను గ్రాహకాలు అంటారు; వాటిలో బీటా-1 గ్రాహకాలు గుండెలో ఎక్కువగా, బీటా-2 గ్రాహకాలు శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరాలలో ఎక్కువగా ఉంటాయి. మొదటివి ప్రేరేపితమైతే గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది; రెండోవి ప్రేరేపితమైతే కండరం సడలి గాలి దారి వెడల్పవుతుంది. ప్రొప్రనలాల్ ఈ రెండు రకాలనూ అడ్డుకుంటుంది. సాల్బుటమాల్ పనిచేయవలసింది కూడా బీటా-2 మీదే కనుక, బస్సులో ఎవరో ముందే తువ్వాలు వేసి ఆపుకున్న సీటు దగ్గర నిలబడ్డట్టు అవుతుంది దాని పరిస్థితి. జేమ్స్ బ్లాక్ 1960లలో ఈ మందును రూపొందించింది గుండెకు ప్రాణవాయువు అవసరం తగ్గించి ఆంజైనా అనే ఛాతీ నొప్పిని అదుపు చేయడానికి. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఘనతలో నాకు సందేహం లేదు, నా శ్వాసనాళాలకే అది పడలేదు.

ఆ తరువాత గుండె వైద్యులు బీటా-1నే ఎక్కువగా అడ్డుకునే మెటోప్రొలాల్ సక్సినేట్‌ను 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి పెంచారు. కూర్చున్నప్పుడు కూడా 95 దాటే నాడి 65 దగ్గర కుదురుకుంది, పిల్లికూతలు రాలేదు. ఇబ్బందులు లేకపోలేదు: వేళ్ళు చల్లబడతాయి, మధ్యాహ్నం ఒళ్ళు బరువుగా ఉంటుంది. శనివారం మాలకొండ మెట్లు ఎక్కేటప్పుడు కాళ్ళు అడిగినంత వేగం గుండె ఇవ్వదు. నాడి ఒక హద్దు దాటి పెరగదు కాబట్టి మధ్యమధ్య ఆగవలసిందే.

అయితే ఇలాంటి మాత్ర పనిచేసేది ‘గుండెకు మాత్రమే’ అన్న మాటను పూర్తిగా నమ్మకూడదు. మోతాదు పెరిగేకొద్దీ బీటా-1నే ఎంచుకునే ఆ గుణం సడలిపోతుంది. రక్తపోటు దిగడం లేదని 100కి పెంచినప్పుడు, ఊపిరి ఎంత వేగంగా బయటికి వదలగలమో కొలవడానికి పొద్దున్నే ఊదే పీక్ ఫ్లో మీటరులో 450 దగ్గర నిలిచే ముల్లు 380 దాటలేదు. వైద్యులు మళ్ళీ 50కి దించి, రక్తపోటుకు ఆమ్లోడిపిన్ జత చేశారు. ముల్లు మెల్లగా పాత చోటికి చేరింది. ఉబ్బసం ఉన్నవారు ఈ మాత్ర వేసుకుంటే ఇంట్లో ఆ మీటరు ఉండి తీరాలని నా అభిప్రాయం.

కొనేటప్పుడు అట్ట మీది పేరు చివరిదాకా చదవండి. ఒకసారి మందుల షాపు కుర్రాడు ‘అదే మందు సార్, కంపెనీ వేరు’ అంటూ సక్సినేట్ బదులు మెటోప్రొలాల్ టార్ట్రేట్ అట్ట చేతిలో పెట్టాడు. సక్సినేట్ రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర, దాన్ని నమలకూడదు, నూరకూడదు; మామూలు టార్ట్రేట్ ప్రభావం త్వరగా తగ్గుతుంది కనుక సాధారణంగా రోజుకు రెండుసార్లు ఇస్తారు. ఒకటి బదులు ఇంకొకటి వేసుకోవడం కుదరదు.

బాగానే ఉంది కదా అని ఉన్నట్టుండి మానడం మరీ ప్రమాదం. ఎక్కువ కాలం అడ్డుపడి ఉన్నందువల్ల గ్రాహకాల సంఖ్య పెరిగి ఉంటుంది. అడ్డు ఒక్కసారిగా తొలగితే అడ్రినలిన్ దెబ్బకు దడ, ఛాతీ నొప్పి, కొందరిలో గుండెపోటు కూడా రావచ్చు. మానవలసి వస్తే వైద్యులే అంచెలంచెలుగా తగ్గిస్తారు. చక్కెర వ్యాధికి మందు వాడేవారికి ఇంకొక చిక్కు ఉంది: చక్కెర పడిపోయినప్పుడు హెచ్చరించే దడ, వణుకు ఈ మాత్ర వల్ల తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

మాత్రలే కాదు, నీటికాసులకు (గ్లకోమా) కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా రెండు రకాల గ్రాహకాలనూ అడ్డుకునేవే. అవి ముక్కులోకి జారి అక్కడి పొర ద్వారా రక్తంలో కలుస్తాయి కనుక, ఉబ్బసం ఉన్నవారు కంటి వైద్యుడికి కూడా ఆ సంగతి ముందే చెప్పాలి.