ట్రూనాట్: ఏజెన్సీ ల్యాబ్‌కి సరిపోయిన టీబీ యంత్రం

మాది ఏజెన్సీలో ప్రభుత్వాసుపత్రి ల్యాబ్. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. అందుకే ట్రూనాట్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది బ్యాటరీ. గోవాలోని మోల్‌బయో తయారీ ఇది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆమోదించింది.

తెమడలో ద్రావణం చుక్కలు వేసి, పలచబడ్డాక ట్రూప్రెప్ (డీఎన్‌ఏ తీసే పరికరం) కార్ట్రిడ్జ్‌లో పోస్తే సుమారు 20 నిమిషాల్లో డీఎన్‌ఏ తీసిస్తుంది. అందులోంచి 6 మైక్రోలీటర్లు రీఏజెంట్‌లో (పరీక్ష రసాయనంలో) కలిపి, యంత్రంలో పెట్టే చిప్ మీద వెయ్యాలి. బుడగ రాకూడదు, చెయ్యి వణకకూడదు. కొత్తవాళ్లకి గట్టిగా నేర్పాల్సింది ఇక్కడే. టీబీ ఉందని తేలితే అదే డీఎన్‌ఏతో రెండో చిప్ పెడతాం. టీబీ క్రిమి ఆర్‌పీఓబీ జన్యువులో మార్పులు చూసి రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందు పనిచేస్తుందో లేదో చెబుతుంది. అన్నీ కలిపి 2 గంటల పైచిలుకు. కల్చర్‌లో, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షలో, వారాలు పట్టే సంగతి! ఆ వారాలన్నీ పనిచెయ్యని మందు మింగుతూ, ఇంట్లో పిల్లలకి అంటిస్తూ గడిపిన రోగుల్ని చూశాను.

ఐసోనియాజిడ్ అనే మరో టీబీ మందు మాట మాత్రం ఈ చిప్ చెప్పదు. దానికి లైన్ ప్రోబ్ అనే మరో జన్యు పరీక్ష కోసం పెద్ద ల్యాబ్‌కి పంపాల్సిందే. చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా పాజిటివ్ చూపించవచ్చు కనుక, మందులు వాడుతుండగా తగ్గిందా లేదా అని చూడ్డానికి దీన్ని వాడకండి.

జీన్‌ఎక్స్‌పర్ట్ అనే మరో టీబీ పరీక్ష యంత్రంలో చేతిపని తక్కువ, నిజమే. కానీ దానికి నిలకడైన కరెంటు కావాలి. మాలాంటి చోటికి ట్రూనాటే మేలు.